అరకుకా, వంజంగికా, లంబసింగికా: విశాఖ నుంచి కొండెక్కే ముందు

కార్తీకం వచ్చిందంటే మా ఇంట్లో ఫోను మోగడం మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి ఒక బాబాయి, గుంటూరు నుంచి ఒక వదిన, బెంగళూరు నుంచి పాత స్నేహితులు. విశాఖలో ఇల్లున్నవారికి ఈ వైభోగం తప్పదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "రెండు రోజులు వస్తున్నాం. అరకు, లంబసింగి, ఆ మబ్బుల కొండ వంజంగి, మూడూ చూసేయవచ్చు కదా?"

చిక్కంతా ఆ "చూసేయడం"లోనే ఉంది. పటంలో చూస్తే మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. మూడూ ఉన్నది 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే. అరకు నుంచి వంజంగి పక్కనున్న పాడేరుకు సుమారు 45 కిలోమీటర్లు, పాడేరు నుంచి లంబసింగికి సుమారు 60. మైదానంలో అయితే ఇది లెక్కలోకి రాని దూరం. ఘాట్ రోడ్డులో మాత్రం గంటకు ముప్పై కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే.

మూడేళ్ల కిందట నేనూ ఈ లెక్క తప్పాను. చుట్టాల మాట కాదనలేక ఒకే రోజులో మూడూ తిప్పుదామని తెల్లవారుజామున మూడు గంటలకు కారు తీశాను. వంజంగి చేరేసరికి సూర్యుడు బాగా పైకొచ్చాడు, మబ్బులు విడిపోయాయి. అరకులో భోజనానికే గంటన్నర పోయింది. లంబసింగికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. మా హెడ్‌లైట్ల వెలుగులో కనిపించినంత మేరకే మేము చూసిన లంబసింగి. వెనక సీట్లో పిల్లవాడు నాలుగుసార్లు వాంతి చేసుకున్నాడు. అప్పటి నుంచి ఫోను చేసినవారికి మూడింటిలో ఒకటే ఎంచుకోమని, మరీ పట్టుబడితే రెండు చూడమని చెబుతున్నాను.

ఊరి పేరు కంటే ముందు తేల్చుకోవలసినవి

ముందుగా తేల్చుకోవలసింది రాత్రి కొండ మీద పడుకుంటారా లేదా అన్నది. మిగిలిన ఎంపికలన్నీ దీని మీదే ఆధారపడతాయి. మన్యంలో చలి, పొగమంచు, మబ్బుల సముద్రం చీకటితో వచ్చి, ఎండ ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఉదయం విశాఖలో ఇడ్లీ తిని బయలుదేరినవారికి అవి దక్కవు.

వెంట ఎవరెవరు వస్తున్నారన్నది తర్వాతి మాట. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలు, ఎక్కడికైనా సిద్ధమనే కుర్రవాళ్లు: ఈ ముగ్గురికీ ఒకే కొండ నప్పదు.

వెళ్లే నెల కూడా చూసుకోవాలి. మేలో లంబసింగికి వెళ్లి చలి లేదని చిన్నబుచ్చుకుంటే తప్పు లంబసింగిది కాదు.

వాహనం సంగతి చివరగా. సొంత కారు లేనివారికి మూడింటిలో అరకు ఒక్కటే హాయిగా అందుతుంది.

| | అరకు | వంజంగి | లంబసింగి |
|---|---|---|---|
| విశాఖ నుంచి దూరం | సుమారు 115 కి.మీ. | పాడేరుకు సుమారు 110 కి.మీ., అక్కడి నుంచి మరికొంత | సుమారు 130 కి.మీ. |
| దారి | శృంగవరపుకోట, అనంతగిరి | చోడవరం, మాడుగుల, పాడేరు | తాళ్లపాలెం, నర్సీపట్నం |
| రైలు | ఉంది, కొండపైదాకా | లేదు | లేదు |
| ఒక్క రోజులో వెళ్లి రావడం | కుదురుతుంది | కుదరదనే అనుకోండి | వెళ్లి రావచ్చు, చలి మాత్రం దొరకదు |
| నడక | తక్కువ. బొర్రా గుహల్లో మెట్లు | నిటారు ఎక్కుడు | దాదాపు లేదు |
| సరైన కాలం | ఏడాదంతా ఏదో ఒకటి ఉంటుంది | అక్టోబరు నుంచి ఫిబ్రవరి | డిసెంబరు, జనవరి |
| ఎవరికి | కుటుంబాలకు, పెద్దలకు, మొదటిసారి వచ్చేవారికి | తెల్లవారుజామున లేవగలవారికి | చలి కోసమే వచ్చేవారికి |

అరకు: దారే సగం

అరకు ఊరు గురించి ముందే ఒక మాట చెప్పాలి. బస్టాండు దగ్గర దిగి చుట్టూ చూస్తే లాడ్జీలు, హోటళ్లు, బొంగు చికెన్ పొయ్యిలు కనిపిస్తాయి. "ఇదేనా అరకు?" అని ముఖం ముడిచినవారిని చాలామందినే చూశాను. అరకు అందం ఎక్కువగా దాన్ని చేరే దారిలోనే ఉంది. కాబట్టి "అరకు వెళ్లాలా" అన్న దానికంటే "అరకుకు ఎలా వెళ్లాలి" అన్న ప్రశ్నే ముఖ్యం.

రైలు సంగతి ముందు చూద్దాం. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పగటి రైలు పొద్దున ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. అరకు చేరడానికి నాలుగు గంటలు పడుతుంది, ఆలస్యమైతే ఇంకాస్త. బైలడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన మార్గమిది. అందుకే ఇక్కడ దర్జా అంతా గూడ్సు బండ్లదే, మనం పక్క లైనులో ఆగి వాటికి దారి ఇస్తుంటాం. శృంగవరపుకోట దాటేవరకు మామూలు పల్లెలే కనిపిస్తాయి. బొడ్డవర వెనకబడ్డాక కొండ మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస... స్టేషను తర్వాత స్టేషను పైకి పోతుంటే, దాటిన లోయ కాసేపటికి కిటికీకి చాలా కింద మళ్లీ కనిపిస్తుంది. దారిలో సొరంగాలు చాలానే ఉన్నాయి. ప్రతి సొరంగంలోనూ పెట్టె పెట్టెంతా కేకలు వేయడం ఆనవాయితీ, వయసుతో నిమిత్తం లేదు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదిగా అది చాలాకాలం పేరుపొందింది. అది దాటాక బండి కాస్త కిందికి దిగి అరకు చేరుతుంది.

2017 నుంచి ఈ బండికి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. పైకప్పులోనూ అద్దాలు ఉంటాయి, కుర్చీలు చుట్టూ తిరుగుతాయి. ఛార్జీ ఎక్కువే. పెట్టడం తగునా అంటే, పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే తగును. లేకపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటు నాకైతే ఎక్కువ ఇష్టం. అద్దాల పెట్టెలో తలుపులు బిగించి ఉంటాయి. మామూలు పెట్టెలో కొండగాలి ముఖానికి తగులుతుంది, త్యాడ దాటాక పచ్చి ఆకు వాసన లోపలికి వస్తుంది, స్టేషన్లలో పనసతొనలో జామకాయలో కిటికీలోంచే కొనుక్కోవచ్చు. ఏ పెట్టె అయినా రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిసెంబరు సెలవులకు వెళ్లదలిస్తే అక్టోబరులోనే కూర్చోవాలి.

రైలుతో ఉన్న ఇబ్బంది ఒక్కటే: మధ్యలో ఎక్కడా ఆగి చూడలేం. అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ మలుపు, సుంకరమెట్ట, కటికి జలపాతం, ఇవన్నీ రోడ్డు ప్రయాణానికి దక్కేవి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. కారు ఆపి పది నిమిషాలు ఆ నీడలో నిలబడితే అరకు కాఫీకి ఆ పేరెందుకు వచ్చిందో కొంత అర్థమవుతుంది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నవంబరు నుంచి పండ్లు ఎర్రబడతాయి. వేసవి మొదట్లో ఒక వాన పడితే తోట తోటంతా మల్లెల్లాంటి తెల్లని పూలతో నిండుతుంది. ఆ కాలంలో అరకు ఖాళీగా ఉంటుంది కూడా. ఎవరూ చెప్పని నెల అది.

కాబట్టి నా సలహా పాతదే: రైలులో ఎక్కండి, రోడ్డున దిగండి. ఆర్టీసీ బస్సులు అరకు నుంచి విశాఖకు తిరుగుతూనే ఉంటాయి. కారున్నవారు డ్రైవరును రోడ్డున ముందే పంపి, తాము రైలెక్కి, అరకులో కలుసుకుంటారు. రాను పోను రెండు వైపులా రైలే ఎంచుకుంటే, చలికాలంలో ఐదున్నరకే పొద్దుగూకుతుంది గనుక దిగేటప్పుడు కొండ చీకట్లో పోతుంది.

బొర్రా గుహలకు రెండు పద్ధతులున్నాయి. రైల్లో బొర్రా స్టేషనులోనే దిగి గుహలు చూసుకుని, అక్కడి జీపులో అరకు వెళ్లడం ఒకటి. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు నుంచి పక్కకు మళ్లి చూడడం మరొకటి. పెద్దలు ఉంటే రెండోదే నయం, సామాను మోసే పని ఉండదు. లోపల సున్నపురాయి మీద వేల ఏళ్లుగా నీరు చెక్కిన రూపాలు ఉంటాయి. వాటికి రంగురంగుల దీపాలు పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, నాకు నచ్చదు. అయినా మొదటిసారి లోపలికి దిగినప్పుడు పైకప్పు ఎత్తు చూసి నోట మాట రాదు. మెట్లు చాలా ఉన్నాయి, తడిగా కూడా ఉంటాయి. మోకాళ్లు సహకరించనివారు ముఖద్వారం దాకా వెళ్లి ఆగినా చూడవలసింది చాలావరకు చూసినట్టే.

ఒకే రోజు వెళ్లి వచ్చేవారికి పర్యాటకాభివృద్ధి సంస్థ రైలు, బస్సు కలిపిన ప్యాకేజీ నడుపుతుంది. సామాను, టికెట్లు, భోజనం గురించి ఆలోచించే పని లేదు. ఒంటరిగా వచ్చినవారికి, వయసు మళ్లిన దంపతులకు బాగుంటుంది. దేని ముందూ అరగంట మించి నిలబడనివ్వరు, దానికి సిద్ధపడాలి. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, ధింసా నాట్యం, కాఫీ తోట, బొర్రా: అన్నీ ఒక పూటలో పెట్టుకుంటే అంతకంటే కుదరదు మరి. ఆ పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసినదని ఎవరైనా చెబితే పిల్లలు కాస్త ఆసక్తిగా చూస్తారు.

వంజంగి: తెల్లవారితే అయిపోయే కొండ

వంజంగిలో చూడవలసింది ఒక్కటే, అదీ ఒక్క గంటే. పాడేరుకు దగ్గర్లోని ఈ కొండ మీద తెల్లవారుజామున నిలబడితే కింద లోయలన్నీ మబ్బుతో నిండి, కొండ కొనలు మాత్రం దీవుల్లా తేలుతుంటాయి. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడే ఆగిపోతుంది, దానిలోని తేమ మబ్బు కడుతుంది. అందువల్లే ముందురోజు ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలకుండా ఉంటే మర్నాటి ఉదయానికి మబ్బు కూడే అవకాశం ఎక్కువ. గాలి వీచిన రోజున ఎంత కష్టపడి ఎక్కినా మామూలు కొండలే కనిపిస్తాయి. ఈ జూదానికి ఒప్పుకున్నవారే వెళ్లాలి. నేను నాలుగుసార్లు ఎక్కితే రెండుసార్లు దక్కింది.

డిసెంబరులో సూర్యోదయం ఆరుం పావు దాటాకే. వాహనాలు ఆగే చోటి నుంచి ఎక్కుడు కనీసం ముప్పావు గంట, అలవాటు లేనివారికి గంట పైనే. అంటే పాడేరులో నాలుగింటికే లేవాలి. విశాఖలో అర్ధరాత్రి బయలుదేరి నేరుగా వచ్చేవారూ ఉన్నారు. ఆ పని వద్దంటాను. మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది. పొగమంచులో, నిద్రమత్తులో, తెలియని మలుపుల్లో బండి నడపడం మబ్బులు చూడడానికి చెల్లించవలసిన ధర కాదు. ముందురోజు సాయంత్రమే పాడేరు చేరి పడుకోండి. శని, ఆదివారాల్లో గదులు దొరకడం కష్టం కాబట్టి వారం మధ్యలో వస్తే కొండ మీద జనమూ తక్కువ.

టార్చిలైటు, పట్టు జారని బూట్లు, మనిషికి ఒక నీళ్ల సీసా తీసుకెళ్లండి. ఆ సీసా కిందికి తెచ్చుకోండి. మబ్బులు తొలగాక ఆ కొండ మీద బయటపడేవి చిప్స్ పొట్లాలేనన్న నిజం చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

పెద్దవాళ్లను, చిన్నపిల్లలను ఇక్కడికి తీసుకురావద్దు. వారిని పాడేరులో పడుకోనిచ్చి, ఎక్కగలిగినవారు ఎక్కి తొమ్మిదింటికి దిగి వస్తే అందరికీ హాయి. మోదకొండమ్మ గుడి ఊళ్లోనే ఉంది, ఈలోగా వారు దర్శనం చేసుకోవచ్చు.

లంబసింగి: మంచు అంటే ఏ మంచు?

తెలుగులో ఒక ఇబ్బంది ఉంది. హిమాలయాల్లో కురిసేదీ మంచే, తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే. "ఆంధ్రా కశ్మీర్‌లో మంచు" అనే మాట విని మొదటి రకం ఊహించుకుని వచ్చేవారు ఏటా ఉంటారు. లంబసింగిలో ఉండేది మూడోది. బాగా చలి పడిన రోజుల్లో రెండోది గడ్డకట్టి తెల్లగా కనిపిస్తుంది. మొదటిది ఉండదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి.

చలి మాత్రం నిజం. ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. దీని పాత పేరు కొర్రబయలు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారని చెబుతారు. చలికాలంలో పత్రికల్లో వచ్చే "చింతపల్లి ఉష్ణోగ్రత" అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యేది. చింతపల్లి లంబసింగికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. అక్కడ ఒంటి అంకెలోకి దిగిందని చదివిన వారమే బయలుదేరండి.

చలి తప్ప లంబసింగిలో ఇంకేముంది? పెద్దగా ఏమీ లేదు, అదే దీని అందం. తాజంగి జలాశయం ఉంది, చలికాలంలో స్ట్రాబెర్రీ తోటలు ఉంటాయి, రోడ్డు పక్కన చలిమంటలు. అటువైపు వెళితే కొత్తపల్లి జలపాతం. ఎనిమిదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్లిపోయేవారికి ఇది ఖాళీగా తోస్తుంది. రాత్రి గుడారంలోనో గదిలోనో ఉండి, తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని బయటికి వచ్చి, పది అడుగుల అవతల ఏముందో కనపడని తెల్లదనంలో టీ తాగినవారు మళ్లీ వస్తారు.

చాలామంది ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తారు. విజయవాడ, హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవారు విశాఖ దాకా వచ్చి మళ్లీ వెనక్కి వస్తారు. లంబసింగి ఒక్కటే చూడదలిస్తే తునిలో దిగి నర్సీపట్నం మీదుగా వెళ్లడమే దగ్గర. ఇక "నర్సీపట్నం రోడ్" అనే స్టేషను నర్సీపట్నంలో లేదు, ఊరికి చాలా దూరంలో ప్రధాన రైలు మార్గం మీద ఉంది. అక్కడ దిగి ఆటోవాడిని "ఊళ్లోకి ఎంత?" అని అడిగి ఉలిక్కిపడినవారిని ఎరుగుదును.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మూడింటిలో ఈ దారే ఎక్కువ ఇస్తుంది. ఇక్కడి ఘాట్ రోడ్డు పనుల్లో గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం 1922 నాటి మన్యం తిరుగుబాటుకు కారణాల్లో ఒకటి. ఆ ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను ముట్టడించింది. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. నర్సీపట్నం నుంచి దారి మళ్లి వెళ్లాలి, పూట పడుతుంది.

మీరు ఎవరైతే ఏది

ఒక్క పగలే ఉంటే మరో ఆలోచన లేకుండా అరకు. రైలులో పైకి, రోడ్డున కిందికి, దారిలో బొర్రా. చాపరాయి జలపాతం దాకా వెళ్లే ప్రయత్నం మానుకోండి, టైము చాలదు. వెళ్లినా, నీళ్లు పాకుతున్న ఆ బండ మీద నాచు ఉంటుంది, ఫోటో కోసం అంచుకు పోవద్దు.

రెండు పగళ్లు, ఒక రాత్రి ఉంటే నాకు నచ్చే కలయిక అరకు, వంజంగి. మొదటి రోజు రైలులో అరకు, సాయంత్రానికి పాడేరు, మర్నాడు తెల్లవారుజామున వంజంగి, మాడుగుల మీదుగా ఇంటికి. ఎక్కిన దారిన దిగనక్కర్లేదు. పెద్దవాళ్లు ఉంటే వంజంగి తీసేసి ఆ రాత్రి అరకులోనే పడుకోండి. అక్టోబరు చివర నుంచి పసుపుపచ్చగా పూసే వలిసె చేలను పొద్దున్నే తీరిగ్గా చూడవచ్చు.

చలి కోసమే వస్తున్న కుర్రవాళ్లయితే లంబసింగిలో రాత్రి ఉండి, కొత్తపల్లి జలపాతం చూసి వెనక్కి వెళ్లడం. దీనికి అరకును కలపవద్దు. మూడు రాత్రులు ఉన్నవారు మాత్రం మూడూ చూడవచ్చు: అరకు, పాడేరు, లంబసింగి, ఆ వరుసలోనే. మూడింటినీ కలిపే 516ఇ జాతీయ రహదారిలో విస్తరణ పనులు జరిగే చోట దుమ్ము, ఆలస్యం తప్పవు.

హైదరాబాద్‌వాసులకు చిన్న హెచ్చరిక: వికారాబాద్ దగ్గరి అనంతగిరి వేరు, అరకు దారిలోని అనంతగిరి వేరు. ఫోనులో పేరు కొట్టి గది తీసుకునే ముందు జిల్లా చూసుకోండి. నవ్వకండి, మా బంధువులకే జరిగింది.

బయలుదేరే ముందు

పెట్రోలు శృంగవరపుకోటలోనో, చోడవరంలోనో, నర్సీపట్నంలోనో నింపుకోండి. ఫోను సిగ్నలు చాలా మలుపుల్లో పోతుంది కాబట్టి పటాన్ని ముందే దించుకోండి, చేతిలో కొంత నగదు ఉంచుకోండి. దిగుడులో బ్రేకు మీదే ఆధారపడకుండా గేరు తగ్గించి దిగండి. ఎదురుగా ఎక్కి వస్తున్న బండికి దారి ఇవ్వడం ఘాట్ రోడ్డు నియమం. కడుపు తిప్పే పిల్లలను ముందు సీట్లో, తేలికపాటి ఫలహారంతో కూర్చోబెట్టండి. వానాకాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి, కానీ కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోవచ్చు, దోమలూ ఎక్కువే. దోమల మందు మరవకండి.

కొనుక్కోవడానికి సంతలో పసుపు, మిరియాలు, రాజ్మా గింజలు బాగుంటాయి. తేనె, కాఫీ పొడి గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తీసుకోండి. పాడేరు దారిన దిగేవారికి మాత్రం ఒక అదనపు లాభం ఉంది: మాడుగులలో హల్వా. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసేది. నాలుగు రోజులైనా చెక్కుచెదరదు, ఇంటిదాకా మిగిలితే.